గుండెకో డాక్టరు, కిడ్నీకో డాక్టరు... మరి పెద్దదిక్కెవరు?

'హార్ట్ ఫెయిల్యూర్' అన్న మాట రిపోర్టులో కనిపించగానే ఇంట్లోవాళ్ళకి కాళ్ళూ చేతులూ ఆడవు. గుండె ఆగిపోయిందని కాదు దానర్థం. ఒంటికి కావలసినంత రక్తాన్ని అందించే శక్తి దానికి తగ్గిందని. అందుకే కాళ్ళకు నీరు పడుతుంది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. మందులతో ఏళ్ళ తరబడి నెట్టుకొస్తున్నవాళ్ళు ఎందరో! చిక్కల్లా ఆ మందులు ఎంతమంది రాస్తున్నారన్న దగ్గరే.

మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ వెలిసింది మొదలు, ఉద్యోగాల పిల్లల వెనకే ఊళ్ళ నుంచి అమ్మానాన్నలూ కొండాపూర్, గచ్చిబౌలి ఫ్లాట్లకి చేరారు. వాళ్ళ బి.పి. బిళ్ళ ఊళ్ళో డాక్టరుగారు రాసింది. షుగరు బిళ్ళ ఇంకొకరిది. గుండెకి ఇక్కడి కార్పొరేట్ ఆసుపత్రి. మోకాళ్ళ నొప్పులకైతే మందుల షాపు కుర్రాడే డాక్టరు!

మా అపార్ట్‌మెంట్లో ఒకావిడ మామగారికి గుండె డాక్టరు నీరు పోవడానికి బిళ్ళ రాశారు. ఎముకల డాక్టరు నొప్పులకి రాశారు. ఇద్దరూ మంచి డాక్టర్లే. కానీ డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్ళలు ఒంట్లో ఉప్పునీ నీటినీ నిలబెడతాయి, కిడ్నీల మీదా భారం వేస్తాయి. ఒకరు తోడేస్తున్న నీటిని ఇంకొకరు నింపుతున్నట్టయింది. పది రోజులు తిరక్కుండా పెద్దాయన మళ్ళీ ఆసుపత్రిలో!

షుగరు మందులతోనూ ఇదే తిరకాసు. పయోగ్లిటాజోన్ నీరు పట్టేలా చేస్తుంది గనుక ఈ జబ్బువాళ్ళకి పనికిరాదు. డాపాగ్లిఫ్లోజిన్ మాత్రం షుగరు కోసమే వచ్చినా, 2019 నాటి పరిశోధనతో గుండె మందుగానూ పేరు తెచ్చుకుంది. ఇద్దరు డాక్టర్లూ ఒకరి చీటీ ఒకరు చూడకపోతే ఒకే మందుని రెండు కంపెనీల పేర్లతో రెండుసార్లు మింగే ప్రమాదముంది.

వంటింట్లోనూ ఓ మెలిక ఉందండోయ్. 'తక్కువ సోడియం' ఉప్పులో సోడియానికి బదులు పొటాషియం కలుపుతారు. స్పైరనోలాక్టోన్ వాడేవాళ్ళకి అసలే పొటాషియం పెరిగే గుణం. అది మితిమీరితే గుండె లయే తప్పుతుంది.

పదిమంది కలిసి పనిచేయడం మన ఊరికి చేతకాదా అంటే అదేం కాదు. 2025 జనవరిలో ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్ ఆసుపత్రికి వెళ్ళాల్సిన దాత గుండెను మెట్రో రైలు 13 నిమిషాల్లో 13 కిలోమీటర్లు దాటించింది. అదే ఊళ్ళో మూడో అంతస్తు డాక్టరు రాసింది ఐదో అంతస్తు డాక్టరుకి తెలియాలంటే మాత్రం కోడలు ఫైలు పట్టుకుని లిఫ్టు దగ్గర నిలబడాలి!

అందుకే డిశ్చార్జి రోజునే నోరు విడిచి అడగండి, "వీటన్నిటికీ కలిపి ఎవర్ని అడగాలి డాక్టరుగారూ?" అని. గుండె డాక్టరో, జనరల్ ఫిజీషియనో, ఎవరో ఒకరు మొత్తం మందులు చూసే బాధ్యత తీసుకోవాలి. వెళ్ళినప్పుడల్లా ఇంట్లో ఉన్న బిళ్ళలన్నీ, ఆయుర్వేదం చూర్ణంతో సహా, సంచీలో వేసుకెళ్ళండి. క్రియాటినిన్, పొటాషియం పరీక్షల కాగితాలు తేదీల వరసన పెట్టుకోండి. ఇది చదివి ఏ బిళ్ళా మీకై మీరు ఆపేయకండి సుమా!

పొద్దున్నే టిఫినుకి ముందు బరువు చూసి రాసి పెట్టాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒళ్ళు చేయడం కాదు, నీరు. వెంటనే ఫోన్ చేయాలి. ఆఫీసులో రోజంతా లెక్కల పట్టికలు నింపే కొడుక్కి ఈ పట్టిక ఓ లెక్కా? ఆ పని అతనికే అప్పజెప్పండి. అర్ధరాత్రి ఆయాసమొస్తే చేయాల్సిన నంబరు కూడా అతని చేతే రాయించి ఫ్రిజ్ తలుపు మీద అంటించండి.