నెలకు ఎన్ని కిలోలు తగ్గవచ్చు?

మా ఓపీలో బరువు చూసే మిషను పక్కన కాసేపు నిలబడితే రోజూ ఒక మాట వినిపిస్తుంది. "సిస్టరమ్మా, నెల దినాల సంది అన్నం సగం జేసిన. రెండు కిలోలే తగ్గిన. గిదేం తగ్గుడు?" ఈ మాట అనేవారు మేడ్చల్ వారైనా, శామీర్‌పేట వారైనా ముఖంలో నిరాశ ఒక్కటే. నెలకు రెండు కిలోలు తగ్గడం తక్కువ కాదు, సరిగ్గా తగ్గవలసినంతే తగ్గారు అని మేము చెబితే చాలామంది నమ్మరు. ఊరడించడానికి చెబుతున్నామనుకుంటారు.

ఈ సంచికలో ఈ విషయమే రాయడానికి ఒక కారణం ఉంది. కొంతకాలం క్రితం ఒక అమ్మను ఆటోలో తీసుకొచ్చారు. వయసు 48. ఒళ్ళంతా చెమటలు, పిలిస్తే పలకడం లేదు. వేలి రక్తంలో చక్కెర చూస్తే 42. వెంటనే నరానికి గ్లూకోజు ఎక్కించాక కళ్ళు తెరిచి, "బిడ్డ పెండ్లి ఉన్నది సిస్టర్, నన్ను పంపుండ్రి" అన్నారు. అప్పటికి పెళ్ళి ఐదు వారాలుంది. మూడు వారాలుగా ఆమె నిమ్మరసం, మజ్జిగ, దోసకాయ ముక్కలతోనే గడుపుతున్నారు. కానీ షుగరుకు వాడే గ్లిమెపిరైడ్ మాత్ర మాత్రం రోజూ ఉదయం క్రమం తప్పకుండా వేసుకున్నారు. అన్నం లేదు, మాత్ర మాత్రం ఉంది. చక్కెర పడిపోక ఏమవుతుంది?

ఆమె సంచిలోంచి ఓపీ చీటీ తీసి చూశాము. 'బరువు 10 కిలోలు తగ్గాలి' అని రాసి ఉంది. ఆ చేతిరాత మా వాళ్ళదే. ఎన్ని నెలల్లో తగ్గాలో రాయలేదు. తిండి తగ్గిస్తే మాత్ర మోతాదు కూడా మార్చుకోవాలి, ముందు వచ్చి అడగండి అనీ రాయలేదు. తగ్గమన్నారు కాబట్టి ఆమె తగ్గడం మొదలుపెట్టారు. తప్పు ఆమెది అనడానికి మాకు నోరు రాలేదు.

బరువు ఎలా వచ్చిందో ముందు చూద్దాం. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ద్రాక్షతోటలు, వరి మడులు, కూరగాయల పొలాలు. పొద్దున్నే కూలికి వెళ్ళి పొద్దుగూకాక వచ్చే తల్లులకు పళ్ళెం నిండా అన్నం తిన్నా సరిపోయేది కాదు. ఇప్పుడు ఆ పొలాలు ప్లాట్లయ్యాయి. కంపెనీ బస్సు ఇంటి దగ్గరే ఎక్కించుకుంటుంది. సెక్యూరిటీ పనిలో కుర్చీ, ఫ్యాక్టరీలో స్టూలు, ఇంట్లో టీవీ. పని మారింది, పళ్ళెం మారలేదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రతి పదిమంది స్త్రీలలో సుమారు ముగ్గురు అధిక బరువుతో ఉన్నారు, పురుషులలోనూ దాదాపు అంతే. ఏడాదికి ఒకటి, ఒకటిన్నర కిలో చొప్పున పదేళ్ళుగా చేరిన బరువు ఇది. రెండు నెలల్లో పొమ్మంటే పోదు.

ఇక లెక్క. ఒంట్లో ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు లోటు పడాలి. ఈ లోటు మన వంటింట్లో ఎలా వస్తుందో చూడండి. ఒక కప్పు వండిన అన్నంలో సుమారు 200 కేలరీలు ఉంటాయి. ఒక టీస్పూను నూనెలో 45, ఒక టీస్పూను చక్కెరలో 20. రోజుకు నాలుగు చాయ్‌లు, చాయ్‌కి రెండు చెంచాల చక్కెర అంటే 160 కేలరీలు అక్కడే. నలుగురున్న ఇంట్లో నెలకు ఐదు లీటర్ల నూనె ఖర్చవుతుంటే దానిని మూడు లీటర్లకు తేవడంతో ఒక్కొక్కరికి రోజుకు మూడు చెంచాలు తగ్గుతుంది, అంటే 135. రోజుకు ఒక కప్పు అన్నం తగ్గించి, చాయ్‌లో చక్కెర మాని, నూనె ఇలా తగ్గించి, అరగంట చురుకుగా నడిస్తే లోటు మొత్తం 600 దగ్గరికి వస్తుంది. వారానికి 4,200. అంటే అర కిలోకు కొంచెం పైన. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే సురక్షితమైన వేగం కూడా వారానికి అర కిలోనే. బరువు తగ్గడానికి తినే ఆహారమైనా రోజుకు 1,000 కేలరీలకు తక్కువ ఉండకూడదని కూడా ఆ సంస్థ చెబుతుంది.

నడకను మాత్రమే నమ్ముకున్నవారు ఒక సంగతి గమనించాలి. 70 కిలోల మనిషి అరగంట నడిస్తే ఖర్చయ్యేది 115 కేలరీల వరకే. తిండి ఏమీ మార్చకుండా ఒక కిలో తగ్గడానికి రెండు నెలల పైనే పడుతుంది. నడిచి వస్తూ బండి దగ్గర రెండు మిర్చి బజ్జీలు తింటే ఆ రోజు లెక్క తలకిందులే. అయినా నడక మానవద్దు. చక్కెరకు, గుండెకు, నిద్రకు అది చేసే మేలు బరువు మిషను మీద కనిపించదు.

"మరి మా వదిన మొదటి వారంలోనే నాలుగు కిలోలు తగ్గింది కదా?" అని అడుగుతారు. నిజమే, తగ్గి ఉంటారు. మన కాలేయంలో, కండరాల్లో పిండిపదార్థం కొంత నిలవ ఉంటుంది, దాదాపు అర కిలో. ఆ నిలవ ప్రతి గ్రాముకు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం, రొట్టె ఒక్కసారిగా మానితే ఆ నిలవ ఖర్చయిపోతుంది, దానితో పట్టి ఉన్న నీళ్ళు మూత్రంలో పోతాయి. మిషను మీద ముల్లు దిగుతుంది, కొవ్వు మాత్రం చాలావరకు ఉన్నచోటే ఉంటుంది. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి ఆహార పద్ధతి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటింటా వినిపించింది. అన్నం మానడం, రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొబ్బరినూనె, నిమ్మరసం, నాలుగు లీటర్ల నీళ్ళు. దాని మంచిచెడ్డల మీద పెద్ద చర్చే నడిచింది, ఆ చర్చ మేము ఇక్కడ మళ్ళీ ఎత్తుకోవడం లేదు. అన్నం మానే ఏ పద్ధతిలోనైనా మొదటి వారం తగ్గుదలలో నీటి వాటా ఎక్కువ అన్నది మాత్రం గుర్తుంచుకోండి. ఆ వేగం రెండో నెలలో ఉండదు. ఉండనప్పుడు నాలో ఏదో లోపం ఉందని కుంగిపోకండి.

పైన చెప్పిన అమ్మ సంగతే చూడండి. మొదట 74 కిలోలు. మూడు వారాల పస్తులతో 69కి వచ్చారు. ఇంటికి పంపి, మామూలుగా మూడు పూటలా కొలతగా తినమన్న పది రోజులకే 72 అయ్యారు. "మీరు పెట్టిన తిండి తోనే మళ్ల లావైన" అని మామీద అలిగారు. ఆ వచ్చిన మూడు కిలోలు చాలావరకు నీళ్ళే అని నమ్మించడానికి మా డైటీషియనుకు రెండు గంటలు పట్టింది.

వేగంగా తగ్గడం వల్ల వచ్చే నష్టాలు వేరే ఉన్నాయి. వారానికి కిలోన్నర పైగా తగ్గేవారిలో పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. యాభై దాటినవారికి పోయిన కండ తిరిగి రావడం కష్టం. రెండు మూడు నెలల తర్వాత జుట్టు గుప్పెళ్ళుగా ఊడుతుంది. షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారు అన్నం, రొట్టె పూర్తిగా మానితే, చక్కెర మరీ పెరగకపోయినా రక్తంలో కీటోనులు పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వాడేవారికి చక్కెర పడిపోయే ప్రమాదం ఎలాంటిదో పైన చూశారు. శనివారాలు, రోజాలు, శ్రమల దినాలు, ఏ ఉపవాసమైనా సరే, మందులు వాడేవారు మొదలుపెట్టేముందే డాక్టరుగారిని కలవాలి. ఉపవాసం పేరుతో పగలంతా ఖాళీ కడుపుతో ఉండి రాత్రికి పులిహోర రెండు పళ్ళేలు తినేవారిని మేము చూస్తూనే ఉన్నాము, వారి బరువు తగ్గదు సరికదా పెరుగుతుంది.

మూడు నాలుగు నెలలు బాగా తగ్గి తర్వాత ఆగిపోయిందని వచ్చేవారు ఎక్కువ. ఇది సహజం. బరువు తగ్గిన శరీరానికి తక్కువ కేలరీలు చాలు. 74 కిలోల మనిషికి లోటైన తిండి 68 కిలోలకు వచ్చేసరికి సరిపోయే తిండి అవుతుంది. పైగా ఆకలి పెరుగుతుంది, తెలియకుండానే పిడికెడు పిడికెడు ఎక్కువ తింటాము. సుమారు ఆరు నెలలకు ఎక్కువమందికి ఇలా ఆగుతుంది. ఆగినచోట నిలబడటం కూడా ఒక పనే. మా దృష్టిలో అది తగ్గడం కంటే కష్టమైన పని.

ఇంజెక్షన్ల గురించి ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. టిర్జెపటైడ్ 2025లో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. సెమాగ్లుటైడ్ మీద 2021లో వెలువడిన పెద్ద పరీక్షలో 68 వారాలకు సగటున నూటికి 15 వంతుల బరువు తగ్గింది. అంటే అంత ఖరీదైన మందుతో, ఆహార నియమం, వ్యాయామం కూడా పాటిస్తూ, వంద కిలోల మనిషి 85 కావడానికి ఏడాదికి పైనే పట్టింది. మందు ఆపాక ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. ఎవరికి అవసరమో డాక్టరు నిర్ణయించాలి, మెడికల్ షాపు కాదు.

ఇంత నెమ్మదిగా తగ్గితే లాభమేమిటి అంటారా? ఉన్న బరువులో నూటికి ఐదు వంతులు తగ్గినా బీపీ, చక్కెర దిగుతాయి, మోకాళ్ళ మీద భారం తగ్గుతుంది. 74 కిలోలవారికి ఐదు వంతులంటే నాలుగు కిలోల లోపే. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ గారి బృందం షుగరు అంచున ఉన్న 531 మందిపై జరిపిన అధ్యయనం 2006లో వెలువడింది. ఆహారం, నడక మార్చుకున్నవారిలో షుగరు వచ్చే అవకాశం నూటికి 28 వంతులు తగ్గింది. విశేషమేమిటంటే వారి బరువు చెప్పుకోదగ్గంతగా తగ్గనే లేదు. మిషను కదలకపోయినా లోపల మేలు జరుగుతుందనడానికి ఇంతకంటే ఏం చెప్పాలి? అందుకే మేము నడుము కొలత కూడా రాస్తున్నాము. స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటకూడదు.

బరువు చూసుకునే పద్ధతి కూడా చెప్పాలి. కొందరు రోజుకు మూడుసార్లు ఎక్కుతారు. ఉప్పు ఎక్కువైనా, మలబద్ధకం ఉన్నా, నెలసరి ముందైనా కిలో, కిలోన్నర తేడా మామూలే. వారానికి ఒక్కసారి, ఒకే రోజు, పొద్దున కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు, ఒకే మిషను మీద చూసుకోండి. ఇంట్లో మిషను షాబాదు బండల ఎత్తుపల్లాల మీద పెడితే తప్పు చూపిస్తుంది. ఒకప్పుడు సికింద్రాబాద్ స్టేషనులో రూపాయి వేస్తే బరువు కార్డు వెనకాల జాతకం కూడా వచ్చేది, మేము నర్సింగ్ చదివే రోజుల్లో జాతకం కోసమే ఎక్కేవాళ్ళం.

అందరూ తగ్గవలసినవారు కారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు ఆహారం కోసుకోకూడదు. ఏ ప్రయత్నమూ లేకుండా బరువు దిగుతుంటే సంతోషించవద్దు. కంపెనీ డ్రైవరుగా పనిచేసే ఒకాయన ఆరు కిలోలు తగ్గానని మిఠాయి పట్టుకొచ్చారు. రెండు వారాలకు పైగా దగ్గు ఉందని మాటల్లో తెలిసి కఫం పరీక్ష చేయిస్తే క్షయ. అలా తగ్గుతున్నవారికి క్షయ, షుగరు, థైరాయిడ్ పరీక్షలు తప్పనిసరి.

ఆ అమ్మ పెళ్ళినాటికి 71 కిలోలు ఉన్నారు. "కొత్త జాకెట్టు ఇంక బిగుతుగనే ఉండె" అని ఫిర్యాదు చేశారు. ఏడు నెలలకు 68. పది కాదు, ఆరు తగ్గారు. మూడు నెలల సగటు చక్కెర 8.6 నుంచి 7.2కు దిగింది, డాక్టరుగారు మాత్ర సగం చేశారు. ఇప్పుడు మెట్లు పట్టుకోకుండా ఎక్కుతున్నారు.

మా చీటీల మీద ఇప్పుడు 'తగ్గాలి' అని ఊరికే రాయడం లేదు. 'ఆరు నెలల్లో 4 కిలోలు, మాత్రలు ఆపవద్దు, తిండి మార్చేముందు చెప్పండి' అని రాస్తున్నాము. పాత చీటీలో కిలోలు రాసి నెలలు రాయకుండా ఉంటే దానిని తీసుకుని, వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని ఓపీకి రండి. రిజిస్ట్రేషను కౌంటరు దగ్గర సిస్టరును అడిగితే సరిచేసి ఇస్తారు. మిషను ఎక్కేటప్పుడు చెప్పులు, చేతిలో సంచి కింద పెట్టండి.