ఎలుక జ్వరం: జాడ పట్టడంలో మనందరి వంతు

సార్వా ఊడ్పులు మొదలైన దగ్గర నుంచి కోతలయ్యే వరకు మా జ్వరాల వార్డులో మంచాలు ఖాళీ ఉండవు. నరసాపురం, మొగల్తూరు, యలమంచిలి, ఆచంట మండలాల నుంచి, లంక గ్రామాల నుంచి జ్వరంతో వచ్చేవారిలో ఎక్కువమంది చేలల్లోనో, చేపల చెరువుల మీదో పనిచేసేవారే. డెంగీ, మలేరియా, టైఫాయిడ్ పేర్లు ఇప్పుడు అందరికీ తెలుసు. రోగిని తీసుకొచ్చినవాళ్లే "టైఫాయిడ్ ఏమోనండి సిస్టరు గారూ" అని ముందుగా చెబుతుంటారు. కాని నీళ్లు, బురద, ఎలుకలు, పశువులు ఒకేచోట ఉండే మన డెల్టాలో తప్పకుండా గుర్తుంచుకోవలసిన మరో జ్వరం ఉంది. దాని పేరు లెప్టోస్పైరోసిస్. వాడుకలో ఎలుక జ్వరం అంటారు.

ఇది ఎలా వస్తుంది?

లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి ఈ జబ్బుకు కారణం. జ్వరం, కామెర్లు, మూత్రపిండాల దెబ్బ కలిసి వచ్చే ఈ వ్యాధిని 1886లో జర్మనీకి చెందిన అడాల్ఫ్ వైల్ అనే వైద్యుడు వివరించారు. 1915లో జపాన్ శాస్త్రవేత్తలు ఇనాడా, ఇదో ఆ సూక్ష్మజీవిని కనుగొన్నారు. అది ఎలుకల మూత్రపిండాల్లో నివసిస్తుందని ఆ తర్వాత తేలింది.

చిత్రమేమిటంటే, ఎలుకకు దీనివల్ల ఏ బాధా ఉండదు. అది హాయిగా తిరుగుతూ, నెలల తరబడి మూత్రంతో ఈ క్రిమిని బయటకు వదులుతూనే ఉంటుంది. పందికొక్కులు, పందులు, కుక్కలు, ఆవులు, గేదెలు కూడా దీనిని మోయగలవు. గేదెలు, ఆవులు ఈసుకుపోవడానికి, పాలు తగ్గిపోవడానికి కూడా ఇది ఒక కారణం.

ఆ మూత్రం చేలో నీటిలో, బోదెల్లో, మురుగు కాలువల్లో, పశువుల పాక నేలమీద కలుస్తుంది. తేమ, నీడ ఉన్న మంచినీటిలో, బురదలో క్రిమి వారాల తరబడి బతుకుతుంది. ఎండిన నేలలో బతకలేదు. మనం చెప్పులు లేకుండా దిగినప్పుడు కాలి పగుళ్ల ద్వారా, గీతల ద్వారా, నీళ్లలో నాని ఒరిసిపోయిన వేళ్ల సందుల ద్వారా లోపలికి ప్రవేశిస్తుంది. కళ్లు, ముక్కు, నోటి పొరల ద్వారా కూడా రావచ్చు. ఒక మనిషి నుంచి మరో మనిషికి సోకడం చాలా అరుదు. కాబట్టి రోగిని వెలివేసినట్టు దూరం పెట్టనవసరం లేదు.

గుర్తుపట్టే లక్షణాలు

నీళ్లలో దిగిన తర్వాత సాధారణంగా 1, 2 వారాలకు జ్వరం మొదలవుతుంది. నెల రోజుల వరకు కూడా ఆలస్యం కావచ్చు. చలితో ఎక్కువ జ్వరం, తీవ్రమైన తలనొప్పి, ఒళ్లునొప్పులు వస్తాయి. ముఖ్యంగా పిక్కలు, నడుము ముట్టుకోనివ్వవు. పుసి లేకుండానే కళ్లు ఎర్రబడతాయి. చాలామందికి ఇంతటితో తగ్గిపోతుంది. కొందరికి మాత్రం కామెర్లు వస్తాయి, మూత్రం తగ్గుతుంది, ఆయాసం వస్తుంది, దగ్గితే రక్తం పడుతుంది. అప్పుడు ప్రాణానికే ప్రమాదం. 2015లో ప్రచురితమైన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 10 లక్షల మందికి ఈ జబ్బు సోకుతుండగా, దాదాపు 59 వేల మంది మరణిస్తున్నారు.

అండమాన్ నేర్పిన పాఠం

మన తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడిన అండమాన్ దీవుల్లో జరిగిన సంగతి అందరం తెలుసుకోవాలి. 1988 నుంచి అక్కడ వానాకాలం తర్వాత ఒక వింత జ్వరం కనిపించసాగింది. జ్వరంతో మొదలై, ఊపిరితిత్తుల్లో రక్తస్రావం జరిగి మనుషులు చనిపోయేవారు. కారణం తెలియక దానికి "అండమాన్ రక్తస్రావ జ్వరం" అని పేరు పెట్టారు. 1993లో ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ ప్రాంతంలో మళ్లీ చెలరేగినప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లోని ప్రాంతీయ వైద్య పరిశోధనా కేంద్రం వారు రక్త నమూనాలు పరీక్షించి, అది లెప్టోస్పైరోసిసేనని తేల్చారు.

అయితే ఈ జబ్బు ఆ దీవులకు కొత్తది కాదు. టేలర్, గోయల్ అనే ఇద్దరు పరిశోధకులు అండమాన్‌లో లెప్టోస్పైరోసిస్ ఉన్నట్టు 1931లోనే రాసిపెట్టారు. మధ్యలో అరవై ఏళ్లు గడిచేసరికి దాని ఊసే లేకుండా పోయింది. వెతకనిది దొరకదు. ఎప్పుడూ దీని పేరే తలచుకోకపోతే, ఈ రోగి కూడా "వైరల్ జ్వరం" లెక్కలోనే కలిసిపోతాడు.

మేము ఎందుకు అన్ని ప్రశ్నలు అడుగుతాం?

జ్వరంతో వచ్చినవారిని మా నర్సులు కొన్ని ప్రశ్నలు అడుగుతారు. జ్వరం సరిగ్గా ఏ రోజున మొదలైంది? గడిచిన నెలలో దమ్ముకో, ఊడ్పుకో, కాలువ పూడికకో, చెరువులోకో దిగారా? కాళ్లకు గాయాలున్నాయా? ఇంట్లో, ధాన్యం పురిలో ఎలుకలున్నాయా? గేదె ఏమైనా ఈసుకుపోయిందా? మీతో కలిసి పనిచేసినవాళ్లలో ఇంకెవరికైనా జ్వరం ఉందా?

"జ్వరానికి మందివ్వమంటే గేదె సంగతి ఎందుకండీ" అని కొందరు విసుక్కుంటారు. జాడ తెలిసేది ఆ జవాబుల్లోనే. ఒకే మురుగు కాలువ పక్కన చేలో దిగిన ముగ్గురికి పది రోజుల తేడాలో జ్వరం వస్తే, అది మూడు జ్వరాలు కాదు, ఒకే జబ్బు కావచ్చు. 2004లో దేశంలో మొదలైన సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం కింద ఇటువంటి కేసులను ఆరోగ్యశాఖకు తెలియజేస్తారు. 2021 నుంచి ఈ వివరాలు కంప్యూటరులోనే నమోదవుతున్నాయి. ఆ సమాచారం అందితే ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్త ఆ ఊరు వెళ్లి మిగిలినవారిని చూడగలుగుతారు. పశువైద్యులు పశువులను చూడగలుగుతారు.

రక్తం రెండోసారి ఎందుకు?

జబ్బు మొదటి నాలుగైదు రోజుల్లో శరీరంలో ప్రతిరక్షకాలు ఇంకా తయారు కావు. అప్పుడు చేసిన పరీక్ష నెగెటివ్ రావచ్చు. అందుచేత సుమారు రెండు వారాలకు మళ్లీ రక్తం తీసి, ప్రతిరక్షకాలు ఎంత పెరిగాయో పోల్చి చూస్తారు. నాలుగు రెట్లు పెరిగితే జబ్బు నిర్ధారణ అయినట్టే.

ఇక్కడే చాలా కేసులు చేజారిపోతాయి. అప్పటికి జ్వరం తగ్గి, కూలి పనికి వెళ్లినవారు "తగ్గిపోయింది కదండీ, మళ్లీ రక్తమెందుకు" అంటారు. ఒక పూట కూలి పోతుందని మాకూ తెలుసు. కాని ఆ రెండో రక్తం ఆ రోగి కోసం కాదు. అదే చేలో రేపు దిగబోయే అతని అన్నదమ్ముల కోసం, పక్కింటి ఆడపడుచు కోసం. వైద్యం మాత్రం ఈ ఫలితం కోసం ఆగదు. అనుమానం బలంగా ఉంటే డాక్టరు గారు వెంటనే మొదలుపెడతారు. డాక్సీసైక్లిన్, పెన్సిలిన్, సెఫ్ట్రియాక్సోన్ వంటి మామూలు మందులకే ఇది లొంగుతుంది. ఎంత తొందరగా ఇస్తే అంత మేలు.

కామెర్లన్నీ ఒకటి కావు

కళ్లు పచ్చబడగానే పసరు మందుకు, వాతలకు పరుగెత్తే అలవాటు మనవైపు ఇంకా ఉంది. మామూలు వైరస్ కామెర్లలో సాధారణంగా కళ్లు పచ్చబడే సమయానికి జ్వరం తగ్గిపోతుంది. కామెర్లతోపాటు జ్వరం, పిక్కల నొప్పులు ఉండి, మూత్రం తగ్గుతుంటే అది వేరు. పసరు తాగి పథ్యం ఉండే ఆ వారం పది రోజుల్లోనే మూత్రపిండాలు పాడైపోవచ్చు. నొప్పుల కోసం షాపులో మాత్రలు కొనుక్కోవడం, సూదులు వేయించుకోవడం కూడా మూత్రపిండాలకు మరింత చేటు.

జాగ్రత్తలు

- చేలో, మురుగు నీటిలో దిగేటప్పుడు వీలైతే రబ్బరు బూట్లు వాడండి. గాయాలకు, పగుళ్లకు కట్టు కట్టి దిగండి. బయటకు రాగానే సబ్బుతో కాళ్లు కడిగి ఆరబెట్టుకోండి.
- ఈసుకుపోయిన పిండాన్ని, మాయను వట్టి చేతులతో ముట్టుకోవద్దు. లోతుగా పాతిపెట్టి, పశువైద్యునికి తెలియజేయండి.
- ఎలుకల నిర్మూలన ఒక్క రైతు చేస్తే చాలదు. ఊరంతా ఒకేసారి బుట్టలు పెట్టాలి, ఎరలు వేయాలి. గట్లు సన్నగా, శుభ్రంగా ఉంచాలి. చచ్చిన ఎలుకను చేతితో పట్టుకోవద్దు.
- తాగే నీరు కాచి చల్లార్చండి. అన్నం, ధాన్యం మూతపెట్టి ఉంచండి.
- వరదల తర్వాత మరింత జాగ్రత్త అవసరం. 2005లో ముంబయి వరదల వెనుక ఈ జబ్బు చెలరేగింది. 2018 వరదల తర్వాత కేరళలో నీటిలో పనిచేసేవారికి వారానికోసారి డాక్సీసైక్లిన్ ఇచ్చారు. మన లంకలు 2022 జులైలో ఎలా మునిగాయో మనకు తెలుసు. అయితే ఈ మాత్ర డాక్టరు చెబితేనే వేసుకోవాలి. గర్భిణులకు, చిన్నపిల్లలకు సాధారణంగా ఇవ్వరు.

చివరిగా ఒక్క మనవి. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే, మొదలైన తేదీని క్యాలెండరు మీద గుర్తు పెట్టండి. ఆసుపత్రికి వచ్చినప్పుడు ఆ తేదీ చెప్పండి, ఏ నీళ్లలో దిగారో చెప్పండి. రెండు వారాల తర్వాత రమ్మంటే ఆ ఒక్కరోజు తప్పకుండా రండి.