పొట్టేలు పిల్ల – కాపరి నిర్ణయం

ప్రాణహిత నది గోదావరిలో కలిసేచోట, కాళేశ్వరానికి ఎదుటి ఒడ్డున సిరోంచ ఉన్నది. 1982లో చంద్రపూర్ జిల్లాను విభజించి గడ్‌చిరోలి జిల్లాను ఏర్పాటు చేసినప్పటి నుండి సిరోంచ తాలూకా ఆ జిల్లాలో భాగం. ఇక్కడి పల్లెలలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. గొర్రెలను, మేకలను పెంచుకొనే కుటుంబానికి మందే నిలవ ధనం. వైద్యానికైనా, పెండ్లికైనా, పిల్లల చదువుకైనా చేతిలో డబ్బు లేనప్పుడు ఒక పొట్టేలును అమ్ముతారు. అందువల్ల మందలో మగపిల్ల పుట్టిన కొద్ది వారాలకే కాపరికి ఒక ప్రశ్న ఎదురవుతుంది. దానికి విత్తులు కొట్టించాలా, వద్దా?

విత్తులు కొట్టడమంటే మగ జంతువుకు సంతానశక్తి లేకుండా చేయడం. మరాఠీలో దీనిని 'ఖచ్చీకరణ' అంటారు. కోడెలు అరకకు, బండికి లొంగడానికి వాటికి విత్తులు కొట్టించడం అందరికీ తెలిసినదే. మాంసానికి పెంచే పొట్టేలు విషయంలో కారణాలు వేరు.

సుమారు 20 గొర్రెలకు ఒక విత్తనపు పొట్టేలు చాలు. 2017లో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన గొర్రెల పంపిణీ పథకంలో కూడా ఒక్కొక్క యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చారు. 20 గొర్రెలు ఒక్కొక్క పిల్లను ఈనితే వాటిలో ఇంచుమించు 10 మగవి ఉంటాయి. విత్తనానికి ఒకటి, రెండు చాలు. మిగిలినవి మాంసానికే పోతాయి.

విత్తులు కొట్టకుండా పెంచితే ఒక లాభం ఉన్నది. విత్తులలో తయారయ్యే టెస్టోస్టిరోన్ అనే హార్మోను కండను పెంచుతుంది. ఒకే మేత తిన్నా, కొట్టని పిల్ల త్వరగా బరువెక్కుతుంది. కొట్టిన పిల్ల కొంత నెమ్మదిగా పెరుగుతుంది. దానికి కొవ్వు ఎక్కువ పడుతుంది. కాబట్టి ఐదారు నెలల లోపలే అమ్మదలచిన పిల్లకు విత్తులు కొట్టిస్తే కాపరికి నష్టం, పిల్లకు అనవసరమైన బాధ.

అమ్మకం ఆలస్యమయ్యేటట్లయితే పరిస్థితి మారుతుంది. ఐదారు నెలలు వచ్చేసరికి పొట్టేలు పిల్లకు ఈడు వస్తుంది. అది తల్లి అని, చెల్లెలు అని చూడదు. గొర్రె చూలు కాలం సుమారు 150 రోజులు. ఆరు నెలల ఆడపిల్ల చూలు కడితే తనకు ఏడాది నిండకముందే ఈనుతుంది. అప్పుడు దాని ఎదుగుదల దెబ్బతింటుంది. పాలు చాలక పిల్ల చనిపోవచ్చు. దగ్గరి రక్తసంబంధం వల్ల పుట్టిన పిల్లలు తరతరానికి బలహీనమవుతాయి. అంతేకాక పొట్టేళ్లు ఒకదానినొకటి కుమ్ముకొని గాయపడతాయి.

పైకి కనపడని నష్టం మరొకటి ఉన్నది. బాగా పెరిగిన పిల్లకు మంచి ధర వస్తుంది కనుక దానినే ముందు అమ్ముతారు. సరిగా ఎదగనిది మందలో మిగిలిపోతుంది. దానికి విత్తులు కొట్టించకపోతే మరుసటి ఈతకు అదే తండ్రి అవుతుంది. ఇలా కొన్నేళ్లు గడిస్తే మంద అంతా చిన్నబోతుంది. కొనేవారు మెచ్చిన పిల్ల కసాయికి, ఎవరూ మెచ్చనిది విత్తనానికి మిగలడం ఎంత విపరీతం!

మగపిల్లలను వేరుగా మేపితే ఈ చిక్కు ఉండదు. కాని ఒక్క మనిషి ఒకే మందను అడవి అంచున మేపుకొనేచోట రెండు మందలు చేయడం సాధ్యం కాదు. అటువంటప్పుడు విత్తులు కొట్టించడమే మేలు. అయితే మొక్కుబడికి వదిలిన పొట్టేలు సంగతి వేరు. వేటకు ఏ లోపమూ లేని జంతువే కావాలనే ఆచారం అనేక గ్రామాలలో ఉన్నది.

కొట్టించే పద్ధతిలో జాగ్రత్త అవసరం. కత్తితో కోస్తే గాయానికి ఈగలు ముసిరి పురుగు పడుతుంది. వానాకాలంలో ఈ భయం మరీ ఎక్కువ. విత్తుల సంచికి రబ్బరు ఉంగరం బిగిస్తే ధనుర్వాతం సోకే ప్రమాదం ఉన్నది. ఇటలీకి చెందిన పశువైద్యుడు బుర్దిజ్జో పేరుతో పిలిచే పటకారు వంటి పరికరం చర్మం తెగకుండానే లోపలి నరాన్ని, రక్తనాళాలను నొక్కివేస్తుంది. తరువాత కొన్ని వారాలలో విత్తులు ఎండిపోతాయి. రక్తం కారలేదు కనుక నొప్పి లేదని అనుకోరాదు. పిల్ల వయస్సు పెరిగినకొద్దీ బాధ కూడా పెరుగుతుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం నిర్ణీత పద్ధతిలో విత్తులు కొట్టడాన్ని నేరంగా పరిగణించదు. కాని రాయితోనో, కర్రతోనో నలగగొట్టడం క్రూరత్వమే. ఈ పనిని పశువైద్యశాలలో చేయించడం ఉత్తమం.

ఇక్కడ కాపరికి ఒక సందిగ్ధం ఉన్నది. చిన్న వయస్సులో కొట్టిస్తే బాధ తక్కువ. కాని ఏ పిల్ల బాగా ఎదుగుతుందో అప్పటికి పూర్తిగా తెలియదు. మూడు నెలల లోపు ఏ పిల్ల ఎంత బరువు పెరిగింది, ఏ తల్లికి పాలు సమృద్ధిగా ఉన్నాయి అన్నది గమనిస్తూ వస్తే విత్తనానికి తగినది తెలిసిపోతుంది. దానిని ఉంచి, త్వరలో అమ్మేవాటిని వదిలి, మందలో చాలాకాలం ఉండేవాటికే విత్తులు కొట్టించాలి. విత్తనపు పొట్టేలును కూడా రెండేళ్లకొకసారి ఇతర మందతో మార్చుకోవాలి.

విత్తులు కొట్టించిన పొట్టేలు తిరిగి విత్తనానికి పనికిరాదు. అందుకే అనుభవం గల కాపరి పిల్లను పట్టుకొనే ముందు మంద మొత్తాన్ని ఒకసారి చూసుకుంటాడు.