మీకు తెలుసా? ఒక్క అక్షరం మారితే రక్తం గడ్డకట్టే దూకుడు పెరుగుతుంది!

మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే వచ్చేది ఇస్కీమిక్ స్ట్రోక్. ఆ గడ్డ కట్టడంలో ప్లేట్‌లెట్లదే ముఖ్య పాత్ర.

► ప్లేట్‌లెట్ పైపొర మీద ‘పార్‌4’ అనే గ్రాహకం ఉంటుంది. థ్రాంబిన్ అనే ఎంజైము దాని కొసను కత్తిరించగానే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి.

► ఈ గ్రాహక ప్రొటీన్‌లో 120వ స్థానంలో కొందరికి అలనిన్, మరికొందరికి థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. డీఎన్‌ఏలో ఒక్క అక్షరం మారడమే ఇందుకు కారణం. థ్రియోనిన్ రకం ప్లేట్‌లెట్లు మరింత చురుగ్గా స్పందిస్తాయి. ఐరోపా మూలాలవారి కంటే ఆఫ్రికా మూలాలవారిలో ఈ రకం ఎక్కువ.

► స్ట్రోక్ వచ్చాక థ్రియోనిన్ రకం ఉన్నవారి పరిస్థితి మరింత దెబ్బతింటున్నట్టు 2023లో వెలువడిన ఒక అధ్యయనం సూచించింది. ఎలుకల్లోనూ అదే ఫలితం కనిపించింది.

► ప్లేట్‌లెట్లు గడ్డ కట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్ మాత్ర అడ్డుకునేది ‘పీ2వై12’ అనే మరో గ్రాహకాన్ని. అయితే ప్రధానంగా కాలేయంలోని ‘సీవైపీ2సీ19’ ఎంజైము చురుకైన రూపంలోకి మార్చితేనే ఆ మందు పనిచేస్తుంది. ఈ ఎంజైము జన్యువులో లోపం ఉన్న స్ట్రోక్ రోగులపై చైనాలో జరిపిన ‘ఛాన్స్‌-2’ ప్రయోగ ఫలితాలు 2021లో వచ్చాయి. 90 రోజుల్లో మళ్లీ స్ట్రోక్ వచ్చినవారు క్లోపిడోగ్రెల్ వాడినవారిలో 7.6 శాతం కాగా, టికాగ్రెలార్ అనే మరో మందు వాడినవారిలో 6 శాతమే.