ఓడిన వాదము కూడ పాఠమే

కళాశాలలో వాక్స్వాతంత్ర్యమును గూర్చిన పాఠము సాధారణముగా మన రాజ్యాంగములోని 19వ అధికరణముతో ఆరంభమగును. అందొక ఉపవాక్యము హక్కునిచ్చును. మరియొకటి దానికి హద్దులు చెప్పును. ఈ రెండింటిని వల్లించిన విద్యార్థి పరీక్షలో గట్టెక్కవచ్చును. కాని హక్కు ఎచట ముగియునో, హద్దు ఎచట మొదలగునో తెలియుటకు తీర్పులు చదువవలెను. ఎవరు గెలిచిరో తెలిసికొనుట తీర్పు చదువుట కాదు. ఏల గెలిచిరో, ఓడినవారు ఏమనిరో తెలిసికొనుటయే అసలు చదువు.

1985 జూలైలో కేరళలోని ఒక పాఠశాల ముగ్గురు పిల్లలను బడినుండి తొలగించెను. వారు యెహోవా సాక్షులను క్రైస్తవ శాఖకు చెందినవారు. జాతీయగీతము పాడు వేళ మర్యాదగా లేచి నిలుచుందురు. గొంతు మాత్రము కలుపరు. అందుకు వారి మతవిశ్వాసము ఒప్పదు. హైకోర్టులో వారికి న్యాయము దొరకలేదు. సుప్రీంకోర్టు 1986 ఆగస్టు 11న వారిని తిరిగి చేర్చుకొనవలసినదని ఆజ్ఞాపించెను. ఆ తీర్పు వ్రాసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి అంతకు పూర్వము ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారు.

ఇది ఫలితము. కారణములు వేరుగా చూడవలెను. గీతము పాడితీరవలెనని నిర్బంధించు చట్టమేదియు లేదు. గౌరవముతో నిలిచినవారు పాడకపోయినంత మాత్రమున అగౌరవపరచినట్లు కాదు. ప్రాథమిక హక్కుకు హద్దు విధింపవలెనన్న చట్టము కావలెను. విద్యాశాఖ ఉత్తర్వు చాలదు. ఆ పిల్లల విశ్వాసము న్యాయమూర్తికి నచ్చినదా యనునది ప్రశ్న కాదు. అది వారి హృదయములో నిజముగా ఉన్నదా యనునదే ప్రశ్న.

ఈ తీర్పు అమెరికాలోని రెండు తీర్పులను కూడ పరిశీలించినది. అచట ఇదే శాఖ పిల్లలు పతాకమునకు వందనము చేయమనిరి. 1940లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఎనిమిదిమంది ఒకవైపు, ఒక్కరు ఒకవైపుగా పాఠశాల పక్షమున నిలిచెను. భిన్నాభిప్రాయము వ్రాసినది జస్టిస్ స్టోన్ ఒక్కరే. మూడేండ్లకే, 1943లో, ఆరుగురు ముగ్గురుగా చీలి, అదే న్యాయస్థానము పూర్వపు తీర్పును తోసిపుచ్చెను. రాజ్యాంగము అక్షరము మారలేదు. ముగ్గురు న్యాయమూర్తులు తమ మనసు మార్చుకొనిరి. కొందరు క్రొత్తగా వచ్చిరి. ఒంటరివాని మాట ధర్మమైనది.

1940 తీర్పు వ్రాసిన జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్ 1943లో ఓడినవారి పక్షమున మిగిలెను. ఆయన హృదయము లేనివాడు కాడు. తానును హింసలకు గురియైన యూదు జాతివాడనని చెప్పుకొనెను. అయినను న్యాయమూర్తి తన యిష్టానిష్టములనుబట్టి శాసనసభ చేసిన చట్టమును కొట్టివేయరాదని ఆయన వాదము. అది తేలికగా త్రోసివేయదగినది కాదు.

కనుకనే మంచి అధ్యాపకుడు పిల్లల పక్షము మెచ్చిన విద్యార్థిచేత పాఠశాల పక్షమున వాదింపజేయును. పాఠశాలను మెచ్చినవానిచేత పిల్లల పక్షము పలికించును. ఎదుటివాని మాటను వాడే ఒప్పుకొనునట్లు చెప్పగలిగిననాడు ఆ చదువు ఫలించినట్లు.

నేటి విద్యార్థులలో కొందరు రేపటి ఉపాధ్యాయులు. ఏదో ఒక ఉదయము ప్రార్థన వేళ వరుసలో ఒక బాలుడు మౌనముగా నిలుచును. ఆ క్షణమున దగ్గర న్యాయస్థానముండదు. హాజరుపట్టీలో వాని పేరు కొట్టివేయుటకు ముందు, వానిని పిలిచి కారణమడుగు ఓపిక ఉపాధ్యాయునికుండవలెను.