గుడి చుట్టూ ఊళ్లున్నాయి: అంగ్కోర్‌లో ఐదు రోజులు సైకిల్ మీద

కంబోడియా అని సెర్చ్ చేస్తే వచ్చేది ఒకటే ఫొటో. తెల్లారే వేళ చెరువు నీళ్లలో అంగ్కోర్ వాట్ గోపురాల నీడ. ఆ గట్టు మీద ఫోన్లు ఎత్తిపట్టుకుని నిలబడ్డ వందల మంది ఆ ఫొటోలో కనపడరు. గుడి చుట్టుపక్కల ఊళ్లున్నాయని, అక్కడ జనం వరి పండించుకుంటూ బతుకుతున్నారని ఆ ఫొటో చూస్తే అసలే తెలీదు.

అంగ్కోర్ పార్కు సుమారు 400 చదరపు కిలోమీటర్లు. 1992 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. టూరిస్టు బస్సెక్కితే గుడి దగ్గర దింపుతుంది, మళ్లీ ఇంకో గుడి దగ్గర దింపుతుంది. మధ్యలో ఉన్నదంతా ఏసీ అద్దం అవతలే. అదంతా చూడాలంటే సైకిలే కరెక్ట్. నేల దాదాపు చదును, దారులకి చెట్ల నీడ. డిసెంబరులో ఇద్దరు కొలీగ్స్‌తో కలిసి ఐదు రోజుల గ్రూప్ టూర్‌కి వెళ్లింది అందుకే.

వెనకవాళ్ల స్పీడే గ్రూప్ స్పీడ్

మొత్తం 11 మందిమి. మాలో 60 దాటిన ఆస్ట్రేలియా జంట ఒకటుంది. ముందు గైడ్, చివర మెకానిక్, ఆ వెనక నీళ్లు, ఐసు, అరటిపళ్లు, స్పేర్ సైకిళ్లతో ఒక వ్యాను. కాళ్లు పట్టేస్తే వ్యాను ఎక్కొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. రోజుకి 30 నుంచి 50 కిలోమీటర్లు. పొద్దున ఆరింటికి బయల్దేరితే, ఎండ ముదిరేసరికి సగం దూరం అయిపోయేది.

గైడ్‌ని అందరం 'బాంగ్' అని పిలిచాం. ఖ్మేర్ భాషలో తనకన్నా పెద్దవాళ్లని, అన్నయినా అక్కయినా, అలాగే పిలుస్తారట. బాంగ్ మొదటి రోజే ఒక రూల్ చెప్పాడు: "చివర ఉన్నవాళ్లు వచ్చి నీళ్లు తాగాకే మళ్లీ కదులుతాం." కంపెనీలో స్ప్రింట్ డెడ్‌లైన్లకి అలవాటుపడ్డ మాకు మొదటి రోజు కొంచెం విసుగేసింది. రెండో రోజుకి ఆ ఆగడాలే బాగున్నాయి. ఆగిన ప్రతిచోటా ఎవరో ఒకరు పలకరించేవాళ్లు.

మనకు తెలిసిన కథ

అంగ్కోర్ వాట్‌ను 12వ శతాబ్దం మొదటి సగంలో రెండో సూర్యవర్మన్ విష్ణువు కోసం కట్టించాడు. గుడి ముఖం పడమటికి. జనమంతా అటే వస్తారు. మేం తూర్పు వైపు అడవి దారిలోంచి వెళ్లాం, అటు దాదాపు ఖాళీ. ఆ వైపు గోడ మీదే క్షీరసాగర మథనం శిల్పం, 49 మీటర్ల పొడవున. 92 మంది రాక్షసులు, 88 మంది దేవతలు, మధ్యలో విష్ణువు, కింద కూర్మం. గ్రూపులో మిగతావాళ్లకి బాంగ్ మొదట్నుంచీ చెప్పుకురావాల్సి వచ్చింది. మాకైతే హాలాహలం దాకా ముందే తెలుసు. సగం కథ మేమే చెప్పేశాం.

అదే కథ అంగ్కోర్ థోమ్ దక్షిణ ద్వారం దగ్గర మళ్లీ కనిపిస్తుంది. ఒక పక్క 54 మంది దేవతలు, ఇంకో పక్క 54 మంది రాక్షసులు పామును పట్టుకుని లాగుతుంటారు. ద్వారం దాటాక సైకిల్ ఎత్తుకుని గోడ పైకి ఎక్కాం. ఎనిమిది మీటర్ల ఎత్తు గోడ, ఒక్కో వైపు మూడు కిలోమీటర్లు, పైన సన్నటి మట్టిదారి. ఒక పక్క అడవి, ఇంకో పక్క కందకం. మధ్యాహ్నం కూడా చల్లగానే ఉంది. బస్సులో వచ్చినవాళ్లకి ఈ దారి దొరకదు.

ఊరి మధ్యలో బయోన్. ఏడో జయవర్మన్ కట్టించిన ఈ గుడి గోపురాల మీద 200కు పైగా పెద్ద పెద్ద ముఖాలు. అందరూ వాటికే సెల్ఫీలు. నాకు మాత్రం కింది గోడల శిల్పాలు నచ్చాయి: సంత, చేపలు, వంట, కోడిపందేలు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి మామూలు జనం. చెట్ల వేళ్లు గోడల్ని చుట్టేసిన తా ప్రోమ్‌లో మన పురావస్తు శాఖ వాళ్లు చేసిన పునరుద్ధరణ పనులు చూడొచ్చు.

ఇంకో చిన్న సరదా. కంబోడియా రియెల్ నోట్ల మీది ఖ్మేర్ అంకెలు చూడండి. ఒకటి, రెండు, మూడు మన ౧, ౨, ౩ లాగే ఉంటాయి. రెండు లిపులూ దక్షిణాది బ్రాహ్మీ నుంచి పుట్టినవే మరి. 'అంగ్కోర్' అన్న మాట కూడా మన 'నగరం' నుంచి వచ్చిందే.

తాటిబెల్లం వాసన

మూడో రోజు బంతేయ్ స్రే వైపు. క్రీ.శ. 967 నాటి గుడి, గులాబీ రంగు ఇసుకరాయి, చెక్క మీద చెక్కినంత సన్నటి పని. అయితే ఆ రోజు ఎక్కువ గుర్తుండిపోయింది దారిలో వచ్చే ప్రీ దాక్ ఊరు. రోడ్డు పక్కన పెద్ద బాణళ్లలో కల్లు కాదు, తాటినీరా మరుగుతోంది. తాటి ఆ దేశపు జాతీయ వృక్షం. మన గీత కార్మికులు మోకుతో ఎక్కుతారు కదా, అక్కడ చెట్టుకి వెదురు నిచ్చెన కట్టేస్తారు. బెల్లాన్ని చిన్న బిళ్లలుగా పోసి తాటాకులో చుట్టి అమ్ముతారు. వేడివేడి ముక్క నోట్లో పడగానే మా కొలీగ్ "అచ్చం మా తాతమ్మ చేసినట్టే ఉంది" అన్నాడు.

ఖాళీ అయిన దుకాణాలు

బంతేయ్ స్రే నుంచి తిరిగొస్తుంటే బాంగ్ ఒక రోడ్డు చూపించాడు. అది రన్ తా ఏక్ వెళ్లే దారి. అంగ్కోర్ గుళ్ల చుట్టూ ఉంటున్న సుమారు 10,000 కుటుంబాలను 2022 నుంచి అక్కడికి, ఇంకో కొత్త ఊరికి తరలించారు. గుళ్ల దగ్గరి నుంచి రన్ తా ఏక్‌కి దాదాపు 25 కిలోమీటర్లు. ఒక్కో కుటుంబానికి 20 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల పొడవు స్థలం. వారసత్వ సంపదను కాపాడటానికే ఇదని, జనం ఇష్టపడే వెళ్లారని ప్రభుత్వం అంటుంది. కాదు, బలవంతంగా ఖాళీ చేయించారని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2023లో రిపోర్టు ఇచ్చింది.

బాంగ్ వాళ్ల పిన్నికి గుడి దగ్గర నూడుల్స్ కొట్టు ఉండేది. "ఇప్పుడు ఆమెకి స్థలం ఉంది, టూరిస్టులే లేరు," అన్నాడు. అంతకుమించి మాట్లాడలేదు. మాలో ఎవరూ ఏమీ అడగలేదు. ప్రాజెక్టు కింద ఊరు పోయి ఆర్ అండ్ ఆర్ కాలనీలకి మారినవాళ్లని చూసిన మనకి ఆ ఒక్క మాట చాలు. మనం 'జనం అడ్డం లేకుండా ఎంత బాగుందో' అనుకుని తీసే ఫొటో వెనక ఇలాంటి లెక్క కూడా ఉంది.

ఇంకో లెక్క నేల కిందది. ఖ్మేర్ రూజ్ పాలనలో, అంటే 1975 నుంచి 1979 వరకు, 15 నుంచి 20 లక్షల మంది చనిపోయారు. యుద్ధాలు ఆగినా మందుపాతరలు మిగిలాయి. వాటిని వాసనతో పసిగట్టడానికి పెద్ద ఎలుకలకి ట్రైనింగ్ ఇస్తారు. మగావా అనే ఎలుక మొత్తం మీద 100కి పైగా మందుపాతరలు, పేలని గుళ్లు కనిపెట్టింది, 2020లో గోల్డ్ మెడల్ కూడా అందుకుంది. సియెం రీప్‌లోని ఆ సంస్థ సెంటర్లో ఎలుకల పనితనం కళ్లారా చూడొచ్చు. టూరిస్టులు తిరిగే దారులన్నీ శుభ్రం చేసినవే. అయినా పొలాల వైపు దారి తప్పొద్దని బాంగ్ రోజూ ఎందుకు చెప్పేవాడో ఆ సెంటర్ చూశాక అర్థమైంది.

వెళ్లాలనుకుంటే

ఎప్పుడు: నవంబరు నుంచి ఫిబ్రవరి. ఏప్రిల్ ఎండలకి సైకిల్ వద్దు.

టికెట్: పార్కు పాస్ ఒక రోజుకి 37 డాలర్లు, మూడు రోజులకి 62, ఏడు రోజులకి 72. టూర్ ప్యాకేజీలో ఇది కలిసి ఉందో లేదో ముందే అడగండి.

ప్రాక్టీస్: నెల రోజుల ముందు నుంచి వారానికి రెండుసార్లు 20 కిలోమీటర్లు తొక్కితే చాలు. ప్యాడ్ ఉన్న షార్ట్స్ తప్పనిసరి. అక్కడ బండ్లన్నీ కుడివైపు నడుస్తాయి, మొదటి గంట జాగ్రత్త.

బట్టలు: గుళ్లలో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. షార్ట్స్ మీద వేసుకునేందుకు పల్చటి ప్యాంటు బ్యాగులో ఉంచుకోండి. ఎండకి అక్కడి గళ్ల తువ్వాలు 'క్రమా' ఒకటి కొనుక్కోండి.

తిండి: శాకాహారులైతే ముందే గైడ్‌కి చెప్పండి. కూరగాయల వంటల్లోనూ చేపల సాస్ పడుతుంది.

బుక్ చేసేముందు రెండు ప్రశ్నలు: గైడ్ ఆ ఊరివాడేనా? మధ్యాహ్నం భోజనం ఎక్కడ? భోజనం ఊళ్లో ఎవరింట్లోనో, చిన్న కొట్టులోనో అంటే మీ డబ్బులో కొంతైనా అక్కడ మిగులుతుంది. గుళ్ల దగ్గర పోస్టుకార్డులు అమ్మే పిల్లల దగ్గర మాత్రం కొనకండి. అమ్మకం బాగుంటే వాళ్లు బడి మానేస్తారు. ఆ డబ్బుతో పక్క కొట్టులో పెద్దావిడ దగ్గర కొబ్బరిబోండం తాగండి.