సగటు ఆటకు కోట్ల మూట!

అతడు అద్భుతమైన ఆటగాడేం కాదు. అలాగని తీసిపారేయాల్సినవాడూ కాదు. మరి అలాంటివాడికి ఏడాదికి 4 కోట్ల డాలర్లు ఇవ్వొచ్చా? ఏటా మార్చి వచ్చిందంటే చాలు... అమెరికన్ ఫుట్‌బాల్ జట్ల యజమానులకు ఇదే తలనొప్పి!

న్యూజెర్సీలో ఆడే న్యూయార్క్ జెయింట్స్ జట్టు 2023 మార్చిలో ఒకే రోజు రెండు నిర్ణయాలు తీసుకుంది. క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్‌కి నాలుగేళ్లకు 16 కోట్ల డాలర్ల ఒప్పందం రాసిచ్చింది. బంతి పట్టుకుని పరుగెత్తే సేక్వాన్ బార్క్లీకి మాత్రం దీర్ఘకాల ఒప్పందం ఇవ్వకుండా, సుమారు కోటి డాలర్లకు ఒక్క ఏడాది అట్టిపెట్టుకుంది. ఇద్దరిలో మైదానంలో మెరుపులు మెరిపించేది బార్క్లీయే. డబ్బు మూట దక్కింది మాత్రం జోన్స్‌కి. ఎందుకలా?

అంతా అతడి చేతుల్లోనే...

ఇది మనకు తెలిసిన, కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డులా కోలగా ఉంటుంది. చేత్తో విసురుతారు, పట్టుకుని పరుగెత్తుతారు. మైదానంలో జట్టుకు 11 మంది. దాడికి దిగిన జట్టులో బంతి దాదాపు ప్రతిసారీ ముందు చేరేది క్వార్టర్‌బ్యాక్ చేతికే. దాన్ని పక్కవాడికి అందించాలా, దూరంగా విసరాలా, విసిరితే ఎవరికి... రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఆలోగా వంద కిలోలు దాటిన భారీకాయులు మీదికి దూకుతుంటారు. ఒక్క తప్పు చాలు, బంతి ప్రత్యర్థి పాలవుతుంది. అందుకే క్వార్టర్‌బ్యాక్ సరైనవాడు కాకపోతే మిగిలిన పదిమంది ఎంత గొప్పవాళ్లయినా గెలవడం కష్టం.

ఈ ఆటలో పెద్ద లీగ్ ఎన్ఎఫ్ఎల్. అందులో 32 జట్లున్నాయి. అంటే 32 మంది మంచి క్వార్టర్‌బ్యాక్‌లు కావాలి. నిజంగా గొప్పవాళ్లను లెక్కపెడితే రెండు చేతుల వేళ్లు కూడా ఎక్కువే. సరైనవాడు దొరక్కపోతే ఏమవుతుందో తెలియాలంటే క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌ని చూడాలి. 1999లో మళ్లీ లీగ్‌లోకి వచ్చిన దగ్గర్నుంచి ఆ జట్టు మ్యాచ్ ప్రారంభించడానికి 40 మందికి పైగా క్వార్టర్‌బ్యాక్‌లను మార్చింది! ఆ అవస్థ చూసినవాళ్లకి ‘లేని మామ కన్నా గుడ్డి మామ మేలు’ అనిపించడంలో వింతేముంది?

మూట ఒకటే... వాటాలు 53

సమస్యల్లా ఒక్కటే. యజమాని ఎంత కోటీశ్వరుడైనా ఇష్టమొచ్చినంత ఖర్చు పెట్టడానికి వీల్లేదు. జీతాల మీద 1994 నుంచి పరిమితి ఉంది. 2025లో అది జట్టుకు 27.92 కోట్ల డాలర్లు. అందులోనే 53 మంది ఆటగాళ్లనూ సర్దుకోవాలి. మన ఐపీఎల్‌లోనూ అంతేగా! 2025 సీజన్‌కు ఒక్కో జట్టుకు 120 కోట్ల రూపాయలు కేటాయిస్తే, సన్‌రైజర్స్ హైదరాబాద్ అందులో 23 కోట్లు ఒక్క క్లాసెన్‌కే ఇచ్చి అట్టిపెట్టుకుంది. ఆ మేరకు మిగతావారికి చెయ్యి కట్టేసుకోవాల్సిందే.

టెక్సాస్‌లో పెరుగుతున్న ఎందరో తెలుగు పిల్లలకు ఇంటి జట్టయిన డల్లాస్ కౌబాయ్స్ 2024 సెప్టెంబరులో డాక్ ప్రెస్కాట్‌కి నాలుగేళ్లకు 24 కోట్ల డాలర్లు ఒప్పుకుంది. ఏడాదికి సగటున 6 కోట్లు. ఆ సీజన్‌లో గాయం కారణంగా అతడు 8 మ్యాచ్‌లే ఆడాడు. జట్టు 17 మ్యాచ్‌ల్లో ఏడే గెలిచింది.

చరిత్ర ఏం చెబుతోంది? పరిమితి పెట్టిన 1994లో స్టీవ్ యంగ్ తన జట్టు మొత్తంలో 13.1 శాతం వాటా తీసుకుని సూపర్ బౌల్ గెలిచాడు. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు అంతకన్నా పెద్ద వాటా తీసుకున్న క్వార్టర్‌బ్యాక్ ఎవరూ ఆ కప్పు ఎత్తలేదు. చివరికి 2022 సీజన్‌లో 17 శాతం వాటాతో ప్యాట్రిక్ మహోమ్స్ ఆ గోడ బద్దలుకొట్టాడు. కానీ మహోమ్స్‌లు ఎందరుంటారు?

గెలిచే జట్టూ కాదు, ఓడే జట్టూ కాదు

చిక్కంతా మధ్యస్థుల దగ్గరే. గొప్పవాడికి ఎంతిచ్చినా గిట్టుబాటవుతుంది. పనికిరానివాడిని వదిలించుకోవచ్చు. ఈ రెండూ కానివాడి సంగతి?

మిన్నెసోటా వైకింగ్స్ 2018లో కర్క్ కజిన్స్‌కి మూడేళ్లకు 8.4 కోట్ల డాలర్లు, అదీ మొత్తం గ్యారంటీగా ఇచ్చింది. అతడు అక్కడ ఆరు సీజన్లు ఆడాడు. ఓడినవాటి కన్నా గెలిచిన మ్యాచ్‌లే ఎక్కువ. కానీ అసలు పరీక్షయిన ప్లేఆఫ్స్‌లో ఆ ఆరేళ్లలో నెగ్గింది ఒకే ఒక్కటి! అట్టడుగున ఉంటే కొత్త కుర్రాళ్ల ఎంపికలో ముందు వరుస దక్కేది. పైనుంటే కప్పు దక్కేది. మధ్యలో ఉంటే రెండూ లేవు.

మరి జెయింట్స్ ఏమయింది? మోకాలి గాయంతో జోన్స్ 2023లో ఆరు మ్యాచ్‌లే ఆడాడు. మర్నాటి ఏడాది నవంబరుకల్లా జట్టు పదింట్లో ఎనిమిది ఓడింది. అతడిని పక్కనపెట్టి, ఆపై పంపించేశారు. ఈలోగా బార్క్లీ 3.775 కోట్ల డాలర్లకు మూడేళ్ల ఒప్పందంతో ప్రత్యర్థి ఫిలడెల్ఫియా ఈగల్స్‌కి వెళ్లిపోయాడు. వెళ్లిన తొలి సీజన్లోనే 2,005 గజాలు పరుగెత్తాడు. 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలుచుకున్నాడు!

పోయినా వదలని బాకీ

వద్దనుకుంటే పంపేస్తే సరిపోతుందిగా అనుకుంటాం. అక్కడే ఉంది మెలిక. ఒప్పందం రోజున ఇచ్చే బోనస్‌ను లెక్కల్లో నాలుగైదేళ్లకు పంచి రాస్తారు. మధ్యలో ఆటగాడిని పంపేస్తే ఇంకా రాయని బోనస్, గ్యారంటీ సొమ్ము కలిసి జట్టు లెక్కలో పడతాయి. డెన్వర్ బ్రాంకోస్ 2022లో రసెల్ విల్సన్‌కి అయిదేళ్లకు 24.5 కోట్ల డాలర్లు ఒప్పుకుంది. ఒకప్పుడు సూపర్ బౌల్ గెలిచిన ఆ పేరున్న ఆటగాడు అక్కడ 30 మ్యాచ్‌లు ఆడి 11 గెలిపించాడు. 2024లో అతడిని వదిలేసింది. ఫలితం... అతడు పిట్స్‌బర్గ్‌కి ఆడుతుంటే, డెన్వర్ పద్దులో రెండు సీజన్లకు కలిపి 8.5 కోట్ల డాలర్ల భారం!

విచిత్రమేమిటంటే, అంత బరువు మోస్తూనే డెన్వర్ ఆ ఏడాది ప్లేఆఫ్స్‌కి చేరింది. కారణం కొత్త కుర్రాడు బో నిక్స్. 2011 నుంచి కొత్తగా లీగ్‌లోకి వచ్చేవారి జీతాలకు కచ్చితమైన కొలత పెట్టడంతో, తొలి నాలుగేళ్లు వాళ్లు చవగ్గా దొరుకుతున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు 2022 ఎంపికలో అందరికన్నా చివర, 262వ వాడిగా తీసుకున్న బ్రాక్ పర్డీ ఏడాదికి 10 లక్షల డాలర్ల లోపు జీతంతోనే 2024 ఫిబ్రవరిలో జట్టును సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లాడు. మిగిలిన డబ్బుతో చుట్టూ హేమాహేమీలను పెట్టుకోగలిగారు. 2025లో పర్డీ కొత్త ఒప్పందం అయిదేళ్లకు 26.5 కోట్ల డాలర్లు. ఇక ఆ వెసులుబాటు లేదు.

తప్పు మనిషిది కాదు... ధరది!

అయితే సగటు ఆటగాళ్లందరినీ వదిలేసి కుర్రాళ్లనే నమ్ముకోవాలా? అదీ జూదమే. 2018లో మూడో స్థానంలో ఎంపికైన శామ్ డార్నాల్డ్‌ను న్యూయార్క్ జెట్స్ మూడేళ్లకే వదిలేసింది. మూడు జట్లు మారి, 2024లో కోటి డాలర్లకు మిన్నెసోటా చేరాడు. 14 మ్యాచ్‌లు గెలిపించాడు! అయినా ఆ జట్టు, చవగ్గా దొరికిన కుర్రాడు ఉన్నాడు కదా అని అతడిని వెళ్లనిచ్చింది. సియాటిల్ సీహాక్స్ మూడేళ్లకు 10.05 కోట్ల డాలర్లిచ్చి తీసుకుంది. 2026 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచింది సియాటిలే.

ఏడాదికి 3.35 కోట్లు తక్కువేం కాదు. కానీ ప్రెస్కాట్ ధరలో సగం కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఆ మిగులుతో సియాటిల్ బలమైన రక్షణ దళాన్ని నిలుపుకోగలిగింది. అంటే మధ్యస్థుడికి డబ్బివ్వడం తప్పు కాదు. మధ్యస్థుడికి మహోమ్స్ ధర ఇవ్వడమే తప్పు. నిరుడు ఎవరో ఎక్కువిచ్చారు కాబట్టి ఈ ఏడాది మనమూ అంతకన్నా ఎక్కువివ్వాలనుకోవడంతోనే చిక్కు మొదలవుతోంది. వదులుకుంటే ఇంకెవరూ దొరకరేమోనన్న భయం ఆ ధరను ఇంకాస్త పెంచుతోంది.

ఆ భయానికి మూల్యం చెల్లించేది యజమాని ఒక్కడే కాదు. పరిమితిలో చోటు లేక జట్టు మారాల్సి వచ్చే తోటి ఆటగాళ్లు, ఏటా ఆశపడి టికెట్ కొనే కుటుంబాలు, చివరికి ఆ క్వార్టర్‌బ్యాక్ కూడా. జోన్స్ తనకు ఇస్తామన్నదే తీసుకున్నాడు. ఓడిన ప్రతిసారీ జనం లెక్కపెట్టింది మాత్రం అతడి పాస్‌లను కాదు, డాలర్లను!